తిరుగు టికెట్టు: విదేశీ వ్యాపార శిక్షణ, హైదరాబాదు అనుభవం

అమీర్‌పేట మెట్రో స్టేషనులో హైటెక్ సిటీ వైపు వెళ్లే రైలెక్కితే మధురానగర్ తరువాత యూసుఫ్‌గూడ వస్తుంది. అంటే రెండు స్టేషన్ల దూరం. అమీర్‌పేటలో దిగే యువతీయువకుల్లో చాలామంది విదేశాలకు వెళ్లే ప్రయత్నంలో ఉన్నవారే. మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద, స్తంభాల మీద కనిపించే ప్రకటనలు చూస్తే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. యూసుఫ్‌గూడలో దృశ్యం దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థకు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి అధికారులు వస్తారు. చిన్న పరిశ్రమలకు అప్పు ఎలా ఇవ్వాలి, వాటిని ఎలా నిలబెట్టాలి అనే విషయాలు కొన్ని వారాలపాటు నేర్చుకొని తమ దేశాలకు వెళ్లిపోతారు. ఇది 1967 నుంచి జరుగుతున్నది.

ఒకే పేటలో ఒకవైపు మనవాళ్లు పై దేశాలకు శిక్షణకు వెళుతుంటే, మరోవైపు పై దేశాలవాళ్లు మన దగ్గరకు శిక్షణకు వస్తున్నారు. ఈ రెండు ప్రవాహాల చరిత్రను కలిపి చదవడం ఈ పాఠం ఉద్దేశం. విదేశీ శిక్షణ గురించి రాసేవారు సాధారణంగా ప్రయాణం మొదలైన రోజు గురించి ఎక్కువ రాస్తారు. ఎవరు ఎంపికయ్యారు, ఏ ఓడెక్కారు, ఏ విశ్వవిద్యాలయంలో చేరారు అనే వివరాలు దొరికినంతగా శిక్షణ ముగిసిన రోజు వివరాలు దొరకవు. నిజానికి ఆ శిక్షణ ఎవరికి పనికివచ్చిందో తేలేది చివరి రోజు తరువాతనే. ఇక్కడ మనం ఆ చివరి రోజు వైపు నుంచి చూద్దాం.

స్వదేశీ కాలం నాటి ఆశ

వ్యాపారం, పరిశ్రమ నేర్చుకోవడానికి భారతీయులు పై దేశాలకు సంఘటితంగా వెళ్లడం స్వదేశీ ఉద్యమ కాలంలో కనిపిస్తుంది. భారతీయుల శాస్త్ర, పారిశ్రామిక విద్యాభివృద్ధి కోసం 1904లో కలకత్తాలో జోగేంద్రచంద్ర ఘోష్ చొరవతో ఒక సంఘం ఏర్పడింది. చందాలు పోగుచేసి విద్యార్థులను జపాన్‌కు, యూరప్‌కు, అమెరికాకు పంపింది. సబ్బు, అగ్గిపెట్టె, పెన్సిలు, పింగాణీ, గాజు వంటి వస్తువుల తయారీ నేర్చుకొని వస్తే విదేశీ వస్తువుల అవసరం తగ్గుతుందని వారి ఆలోచన.

వెళ్లినవారు నేర్చుకున్నారు. చిక్కు తిరిగి వచ్చాక మొదలైంది. చేతిలో విద్య ఉన్నా పెట్టుబడి పెట్టేవారు కావాలి, యంత్రాలు కావాలి, సరుకు కొనేవారు కావాలి. జపాన్, అమెరికాల్లో చదివి వచ్చిన ఈశ్వరదాస్ వార్ష్ణేయ్‌కు మహారాష్ట్రలోని తళేగావ్‌లో గాజు కర్మాగారం సిద్ధంగా దొరికింది. 1908లో మొదలైన ఆ కర్మాగారం పైసా పైసాగా ప్రజల నుంచి కూడబెట్టిన నిధితో నిలబడింది. అటువంటి నిధి వెనుక లేనివారికి చదువు చదువుగానే మిగిలిపోయింది.

ఆంధ్ర ప్రాంతంలో 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తరువాత విద్యార్థుల్లో ఇదే ఉత్సాహం కనిపిస్తుంది. కనిగిరి ప్రాంతానికి చెందిన దరిశి చెంచయ్య 1912లో చదువు కోసం అమెరికా వెళ్లారు. అక్కడ గదర్ ఉద్యమంలో కలిశారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అరెస్టయి జైలు జీవితం గడిపారు. నేర్చుకున్న విద్యతో ఇంటికి చేరవలసిన మనిషి ఖైదీగా చేరారు. వలస పాలనలో ఉన్న దేశానికి విద్యతో తిరిగి రావడంలో ఇటువంటి ప్రమాదం కూడా ఉండేది. ఆ తరం ఆత్మకథల్లో చెంచయ్య రాసుకున్న ‘నేనూ, నా దేశం’ వంటివి చరిత్ర విద్యార్థి తప్పక చూడవలసిన ఆధారాలు.

యూసుఫ్‌గూడకు వచ్చిన సంస్థ

స్వాతంత్ర్యం తరువాత శిక్షణ బాధ్యత ప్రభుత్వాల చేతుల్లోకి వచ్చింది. 1951లో అమలులోకి వచ్చిన కొలంబో ప్రణాళిక కింద, అమెరికా సాంకేతిక సహకారం కింద, సోవియట్ ఒప్పందాల కింద మన ఇంజనీర్లు, అధికారులు విదేశాలకు వెళ్లారు. అదే సమయంలో ఇంకొక ఆలోచన బలపడింది. ఒక్కొక్కరినీ పై దేశానికి పంపే బదులు అక్కడి పద్ధతినే ఇక్కడికి తెచ్చుకుంటే సరిపోదా? పంజాగుట్టకు దగ్గరలో, బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టా భవనంలో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఈ ఆలోచన ఫలమే. ఇంగ్లండులోని హెన్లీ కాలేజీ నమూనాలో 1956లో దాన్ని స్థాపించారు. సైన్యాధిపతిగా పదవీ విరమణ చేసిన జనరల్ శ్రీనాగేశ్ దానికి తొలి ప్రిన్సిపాల్. అక్కడి శిక్షణ పెద్ద సంస్థల పై స్థాయి అధికారులకు ఉద్దేశించింది.

చిన్న పరిశ్రమల సంగతి వేరు. 1953-54లో ఫోర్డ్ ఫౌండేషన్ పంపిన అంతర్జాతీయ నిపుణుల బృందం చిన్న పరిశ్రమలకు సలహా, శిక్షణ, మార్కెటింగ్ సహాయం అందించే సంస్థలు కావాలని సూచించింది. ఆ పరంపరలో 1960లో ఢిల్లీలో కేంద్ర పారిశ్రామిక విస్తరణ శిక్షణ సంస్థ మొదలైంది. 1962లో అది హైదరాబాదుకు తరలివచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడింది. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థగా మారిన దీన్ని ‘సియెట్’ అని పిలిచేవారు. పాత హైదరాబాదు వాసుల్లో కొందరి నోట ఇప్పటికీ ఆ పేరే వినిపిస్తుంది. 1984లో దానికి జాతీయ సంస్థ హోదా వచ్చింది, 2007లో ప్రస్తుత పేరు వచ్చింది.

‘సియెట్’ తొలి సంవత్సరాల్లో ఇక్కడ జరిగిన చర్చలు నగర చరిత్రలో సరిగా నమోదు కాలేదనిపిస్తుంది. మన దేశానికి తగిన సాంకేతికత ఏది అన్న విషయంపై ఈ సంస్థ 1964లో ప్రచురించిన వ్యాసాల్లో గాడ్గిల్ రాసిన ఒకదాన్ని ఇ.ఎఫ్. షూమాకర్ తన ప్రసిద్ధ గ్రంథం ‘స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్’లో ఉదహరించారు. ప్రపంచమంతా చదివిన పుస్తకంలో యూసుఫ్‌గూడ జాడ ఉందన్నమాట.

కాకినాడ వ్యాపారులు

వాణిజ్య శాస్త్రం చదివే విద్యార్థులకు ‘కాకినాడ ప్రయోగం’ పేరు పరిచితమే. దాన్ని సాధారణంగా ప్రేరణ సిద్ధాంతానికి ఉదాహరణగా నాలుగు వాక్యాల్లో చెప్పి ముగిస్తారు. చరిత్రగా చూస్తే అందులో ఇంకా చాలా ఉంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథం ప్రచురించారు. ఒక సమాజంలో సాధన పట్ల తపన ఎంత ఉంటే ఆర్థికాభివృద్ధి అంత ఉంటుందన్నది ఆయన వాదం. అయితే ఆ తపనను పెద్దవాళ్లలో శిక్షణ ద్వారా పెంచవచ్చా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఎంచుకున్న స్థలాల్లో కాకినాడ ఒకటి. 1964, 1965 సంవత్సరాల్లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులు జట్లుజట్లుగా హైదరాబాదు వచ్చి యూసుఫ్‌గూడ సంస్థలో శిక్షణ పొందారు. పోల్చి చూడడానికి రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. వారికి ఈ శిక్షణ ఇవ్వలేదు.

శిక్షణ రెండు వారాలకు మించలేదు. అందులో బొమ్మ చూపించి కథ రాయించేవారు. ఆ కథల్లో పాత్రలు ఏదైనా సాధించాలని చూస్తున్నాయా లేదా అన్నది రాసినవారే పరిశీలించుకోవాలి. కొంత దూరంలో పాతిన కొయ్యకు రింగులు విసిరే ఆట ఆడించేవారు. మరీ దగ్గర నుంచి విసిరితే గెలుపుకు విలువ లేదు, మరీ దూరం నుంచి విసిరితే అది అదృష్టం మీద ఆధారపడుతుంది. నడిమి దూరాన్ని ఎంచుకోవడమే వ్యాపారికి కావలసిన లెక్క అని చెప్పేవారు. చివర్లో ప్రతి ఒక్కరూ రాబోయే కాలానికి తమ లక్ష్యాలు రాసుకోవాలి. కొట్టు నడిపే షావుకారు బొమ్మ చూసి కథ రాయడమేమిటని ఆనాడు ఎవరైనా నవ్వుకొని ఉంటే ఆశ్చర్యం లేదు.

ఫలితాలను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథంగా ప్రచురించారు. శిక్షణ తరువాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారిలో సుమారు సగం మంది వ్యాపార విస్తరణలో చురుకుగా ఉన్నట్లు లెక్క తేలింది. పొందనివారిలో అటువంటివారు నాలుగో వంతు మాత్రమే. సంప్రదాయ విశ్వాసాలు ఇందుకు అడ్డుపడినట్లు కనిపించలేదని వారు రాశారు. హిందూ సంప్రదాయమే భారత ఆర్థిక వెనుకబాటుకు కారణమన్న వాదం పాశ్చాత్య పండితుల్లో బలంగా ఉన్న రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

మన పాఠానికి సంబంధించిన అంశం అదే గ్రంథంలో ఇంకొకటి ఉంది, పాఠ్యపుస్తకాలు దాన్ని ఎక్కువగా వదిలేస్తాయి. శిక్షణ ఫలితం అందరిలో ఒకేలా లేదు. సొంత వ్యాపారంలో నిర్ణయం తీసుకొనే అధికారం తమ చేతిలో ఉన్నవారిలోనే అది బాగా కనిపించింది. అన్న చేతి కిందో, తండ్రి చేతి కిందో, యజమాని చేతి కిందో ఉన్నవాడు ఎంత తపనతో తిరిగి వెళ్లినా చేయగలిగింది తక్కువ. శిక్షణ మనిషిని మారుస్తుందనుకున్నా, మారిన మనిషి తిరిగి ఏ కుర్చీలో కూర్చుంటాడన్నది శిక్షణ చేతిలో లేదు. తళేగావ్ గాజు కర్మాగారం వద్ద మనం చూసిన విషయాన్నే కాకినాడ లెక్కలు మరో రూపంలో చెబుతున్నాయి.

కృత్యం: మీ ఊరిలో లేదా మీ కుటుంబంలో బయటి ప్రాంతంలో పని నేర్చుకొని తిరిగి వచ్చిన ఒకరితో మాట్లాడండి. నేర్చుకున్నదానిలో ఎంత వాడగలిగారు, వాడలేకపోయినది ఎందుకు వాడలేకపోయారు అన్న రెండు ప్రశ్నలు అడిగి ఒక పేజీ రాయండి.

మన దగ్గరకు వచ్చినవారు

కాకినాడ జట్లు యూసుఫ్‌గూడ వచ్చిన ఏడాదే, 1964 సెప్టెంబరు 15న, కేంద్ర ప్రభుత్వం భారత సాంకేతిక, ఆర్థిక సహకార పథకాన్ని ప్రారంభించింది. దీన్ని ‘ఐటెక్’ అంటారు. అప్పటివరకు సాయం పుచ్చుకొనే దేశంగానే ప్రపంచానికి తెలిసిన భారతదేశం తన అనుభవాన్ని కొత్తగా స్వతంత్రమైన దేశాలతో పంచుకోవడానికి పూనుకుంది. చైనా యుద్ధం జరిగి రెండేళ్లయినా కాలేదు, దేశంలో ఆహార కొరత ఉంది. ఆ పరిస్థితుల్లో ఇటువంటి ఖర్చుకు సిద్ధపడడం వెనుక మైత్రితో పాటు విదేశాంగ నీతి కూడా ఉందని గుర్తించాలి. ఆసియా, ఆఫ్రికా దేశాల మద్దతు మనకు అవసరమైన కాలమది.

ఈ పథకం కింద వచ్చేవారి విమాన ఖర్చు, ఫీజు, బస, భత్యం భారత ప్రభుత్వమే భరిస్తుంది. మామూలుగా 25 నుంచి 45 ఏళ్ల లోపు, కొన్నేళ్ల ఉద్యోగానుభవం ఉన్నవారిని తీసుకుంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, వారిని తమ దేశ ప్రభుత్వమో, తమ సంస్థో పంపాలి. కాబట్టి కోర్సు ముగిసిన రోజున యూసుఫ్‌గూడలో సర్టిఫికెట్టు అందుకొనే అధికారికి తన దేశంలో ఒక ఉద్యోగం, ఒక బల్ల ఎదురుచూస్తుంటాయి. చేతిలో తిరుగు టికెట్టు మొదటి రోజు నుంచే ఉంటుంది.

వీరికి మనం చూపించింది హార్వర్డ్ పాఠం కాదు. పారిశ్రామిక వాడలు ఎలా నిర్మించాము, చిన్న పరిశ్రమకు బ్యాంకు అప్పు ఎలా అందుతుంది, ఎక్కడ పొరపాట్లు జరిగాయి అనేవి చూపించాము. సంపన్న దేశంలో శిక్షణ పొందిన అధికారి తిరిగి వెళ్లి అక్కడి యంత్రం తన దేశంలో లేదని నిట్టూర్చవలసి వస్తుంది. కరెంటు పోవడం, ముడిసరుకు ఆలస్యం కావడం, లైసెన్సు కోసం తిరగడం ఇక్కడ చూసినవాడికి ఆ తేడా తక్కువ. పేద దేశం ఇంకొక పేద దేశానికి పాఠం చెప్పడంలో ఉన్న బలం ఇదే. బలహీనతా ఉంది. తిరిగి వెళ్లిన అధికారి బదిలీ అయితే నేర్చుకున్నది అక్కడితో ఆగిపోతుంది.

బాలానగర్ నుంచి అమీర్‌పేటకు

పరదేశపు విద్య హైదరాబాదులో వేళ్లూనుకున్న ఇంకొక దారి కూడా ఉంది. సోవియట్ సహకారంతో బాలానగర్ ప్రాంతంలో ఐడీపీఎల్ మందుల కర్మాగారం 1960లలో వచ్చింది. ఎందరో రసాయన శాస్త్రవేత్తలకు అదే పెద్ద బడి అయింది. గుంటూరు జిల్లా తాడేపల్లికి చెందిన కల్లం అంజిరెడ్డి 1969 నుంచి 1975 వరకు అక్కడ పనిచేశారు. తరువాత సొంత వ్యాపారంలోకి దిగి, 1984లో డాక్టర్ రెడ్డీస్ ల్యాబరేటరీస్ స్థాపించారు. ఆ సంస్థ కార్యాలయం చాలాకాలం అమీర్‌పేటలో ఉండేది, తరువాత బంజారా హిల్స్ 3వ నంబరు రోడ్డుకు మారింది.

ఇక్కడ నేర్చుకున్న విద్యకు అవకాశం కూడా తోడైంది. 1970 పేటెంట్ చట్టం 1972లో అమలులోకి వచ్చింది. మందు మీద కాక, దాన్ని తయారుచేసే పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇవ్వడం వల్ల కొత్త పద్ధతి కనుక్కున్నవాడు అదే మందును తయారుచేయగలిగాడు. ఆ చట్టం లేకపోతే బాలానగర్‌లో నేర్చుకున్నవారిలో ఎంతమంది యజమానులు కాగలిగేవారో చెప్పడం కష్టం.

అమీర్‌పేట నుంచి వెళ్లినవారు

ఇప్పుడు మొదటి స్టేషనుకు తిరిగి వద్దాం. 1990లలో అమెరికా కంప్యూటర్ రంగంలో ఉద్యోగాలు పెరగడంతో అమీర్‌పేట శిక్షణ కేంద్రాల పేట అయింది. అమెరికా 1990లో చేసిన వలస చట్టం హెచ్-1బీ వీసాలకు ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. 2001-2003 మధ్య అది 1,95,000కు పెరిగి, తిరిగి తగ్గింది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరిచాక, వీసా కోసం చెన్నై వెళ్లవలసిన బాధ తప్పింది. 2023లో ఆ కార్యాలయం నానక్‌రామ్‌గూడకు మారింది.

వ్యాపార శిక్షణకు అమెరికా వెళ్లేవారి ముందు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. మొదటిది జే-1 వీసా. దీనికి ఆధారం 1961 నాటి ఫుల్‌బ్రైట్-హేస్ చట్టం. ఇంటర్న్‌గా వెళితే 12 నెలల వరకు, ట్రెయినీగా వెళితే చాలా రంగాల్లో 18 నెలల వరకు ఉండవచ్చు. ఏమి నేర్పుతారో ముందే కాగితం మీద రాసి, నేర్చుకొనేవారు, నేర్పేవారు, పంపించే సంస్థ ముగ్గురూ సంతకం చేయాలి. చివరలో మదింపు జరుగుతుంది. కార్యక్రమం ముగిశాక దేశం విడవడానికి 30 రోజుల గడువు ఉంటుంది.

ఈ వీసాతో ఒక పాత నిబంధన ముడిపడి ఉంది. ప్రభుత్వ నిధులతో వచ్చినవారు, తమ దేశానికి అవసరమని జాబితాలో చేర్చిన నైపుణ్యాలు నేర్చుకున్నవారు శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలి. ఆ తరువాతే అమెరికాలో శాశ్వత నివాసానికి గానీ హెచ్-1బీకి గానీ అర్హత వస్తుంది. నేర్చుకున్న విద్య పంపిన దేశానికి చెందాలన్న ప్రచ్ఛన్నయుద్ధ కాలపు ఆలోచన ఇది. చాలా దశాబ్దాలు ఈ జాబితాలో భారతదేశం ఉంది.

రెండో దారి చదువు ద్వారా. ఎఫ్-1 వీసా మీద చదివినవారికి చదువుకు సంబంధించిన పనిలో 12 నెలల శిక్షణకు అనుమతి ఉంటుంది. దీన్ని విద్యార్థులు ‘ఓపీటీ’ అంటారు. విజ్ఞాన, సాంకేతిక, గణిత రంగాల వారికి 2008లో 17 నెలలు అదనంగా ఇచ్చారు. 2016లో ఆ అదనపు కాలాన్ని 24 నెలలు చేశారు. మామూలు ఎంబీఏ చదివినవారికి ఈ పొడిగింపు లేదు. ఇందువల్ల అమెరికన్ వ్యాపార విద్యాసంస్థల్లో ఒక విచిత్రం జరిగింది. బిజినెస్ అనలిటిక్స్ వంటి కోర్సులు సాంకేతిక కోర్సుల కోవలోకి చేరాయి. వ్యాపారం చదవాలనుకునే మన విద్యార్థి కోర్సు పేరును దాని పాఠ్యాంశాల కన్నా శ్రద్ధగా చదవడానికి కారణం ఇదే. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉండగా, వారిలో 97,556 మంది ఓపీటీలో ఉన్నవారే.

ఐటెక్ అధికారికీ ఈ విద్యార్థికీ తేడా గమనించండి. ఇతనిని ఎవరూ పంపలేదు. ఫీజు తండ్రి పొలం మీదో, ఇంటి మీదో బ్యాంకు ఇచ్చిన అప్పు. స్వదేశంలో ఏ కుర్చీ ఇతని కోసం ఖాళీగా లేదు. శిక్షణ ముగిశాక అతనికి మిగిలేది 60 రోజుల గడువు. ఆ లోపు వీసా మార్చుకోవాలి, మరో చదువులో చేరాలి, లేదా బయలుదేరాలి. రూపాయల్లో జీతం తెచ్చుకుంటూ డాలర్ల ఫీజుకు చేసిన అప్పు తీర్చడం ఎలాగన్న లెక్క వేసుకున్న మనిషి తిరిగి రావడానికి వెనుకాడితే, దాన్ని దేశభక్తి కొరతగా చూడడం చరిత్రకారునికి తగదు. స్వదేశీ కాలంలో తిరిగి వచ్చినవారికి లేనిది పెట్టుబడి. ఇతనికి ఆ పెట్టుబడి లేకపోగా, అప్పు ఉంది.

తిరిగి వచ్చి నిలబడినవారు లేకపోలేదు. వారిలో కుటుంబ వ్యాపారం ఉన్నవారు, కొంత సొమ్ము కూడబెట్టుకొని వచ్చినవారు, హైదరాబాదులోనే విదేశీ కంపెనీల కార్యాలయాలు వెలసినందున ఉద్యోగం ఖాయం చేసుకొని వచ్చినవారు ఎక్కువగా కనిపిస్తారు.

2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం జే-1 నైపుణ్యాల జాబితాను సవరించింది. అందులో నుంచి తొలగించిన దేశాల్లో భారతదేశం ఉంది. ఆ జాబితా కారణంగా మాత్రమే రెండేళ్ల నిబంధన వర్తించిన మనవారికి ఇప్పుడు ఆ బంధం లేదు. యూసుఫ్‌గూడలో మాత్రం ఐటెక్ కింద కోర్సు పూర్తిచేసిన అధికారి ఇప్పటికీ కోర్సు ముగియగానే, మొదటి రోజున వచ్చిన టికెట్టు మీదే ఇంటికి వెళతాడు.